కారం లేని బుంగమూతి

మా వియ్యపురాలు అన్నం తింటుంటే చూడటం నాకు ఒకప్పుడు వేడుక. ముద్దకో మిరపకాయ చొప్పున నంజుకుంటూ, మధ్యమధ్యలో ఎవరి సంగతో చెప్పి నవ్విస్తూ, కంట్లో తడి లేకుండా కంచం ఖాళీ చేసేవారు. ఎదురుగా కూర్చున్న నాకే చెమటలు పట్టేవి. "మీరెందుకు వదినగారూ రొప్పుతున్నారు, తింటున్నది నేను కదా" అనేవారు.

మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. మా అమ్మాయి సిటీ బస్సు డ్రైవరు. అల్లుడు గడియారాలు బాగుచేస్తాడు. వదినగారు అతని తల్లి, జీవితమంతా కుట్టుమిషను తొక్కిన మనిషి. నేను మనవరాలు పుట్టినప్పుడు నెల్లాళ్ళుండి పోదామని వచ్చాను. ఆ పిల్ల చదువుకని వేరే ఊరు వెళ్ళిపోయింది కానీ నేను మాత్రం కదల్లేదు. కుట్టుమిషను ఉన్న గది ఆవిడది, బాల్కనీ నాది. ఒకరి హద్దులోకి ఇంకొకరం అడగకుండా వెళ్ళం. కలిసి ఉండాలంటే అలాంటివి కొన్ని ఉండాలి మరి.

బాల్కనీలో నా మిరప కుండీలు. వాటిలో ఒకదాన్ని మేం బుంగమూతి అని పిలుచుకునేవాళ్ళం. కాయ బొటనవేలంత ఉంటుంది, ఒళ్ళంతా ముడతలు, కొస దగ్గర అలిగిన పిల్ల మూతిలా ముడుచుకుని ఉంటుంది. పండితే నారింజ రంగు. దాన్ని కోస్తే చాలు, ఇంట్లో ఏదో మంచి పండు తరిగినట్టు ఘుమఘుమలాడిపోతుంది. ఆ వాసన చూసి మోసపోయి కొరికామా, ఇక అంతే సంగతులు, చెవుల్లోంచి కూడా కారం వస్తుంది. వదినగారికి ప్రాణం ఆ కాయంటే.

అలాంటి మనిషికి కడుపులో పుండు పడింది. డాక్టరు మందులిచ్చి, "ఇక ఈ జన్మకి కారం ముట్టుకోవద్దమ్మా" అన్నాడు. పుండు మానింది, నొప్పి పోయింది. దాంతోపాటు ఆవిడ ఆకలి కూడా పోయింది. కంచం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేవారు. ఏమిటని అడిగితే "నోటికి దారి తెలియడం లేదు వదినగారూ" అనేవారు. పాలిచ్చాం, పళ్ళిచ్చాం, మిరియం వాసన తగలకుండా రకరకాలుగా వండాను. అన్నిటికీ ఒకటే మాట, బాగుంది అని. అసలు తినని మనిషి బాగుందంటే ఎవరికి నచ్చుతుంది. మూడు మాసాలు తిరక్కుండానే తన బట్టలు తనే విప్పి లోపలికి కుట్టుకోవడం మొదలుపెట్టారు. 

ఒక పొద్దున నేను కుండీలకు నీళ్ళు పోస్తుంటే, అడిగి మరీ బాల్కనీలోకి వచ్చారు. పండిన బుంగమూతి ఒకటి తెంపి, గోటితో చీల్చి, ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. తర్వాత దాన్ని కుండీలో పడేసి, "వాసన చూస్తే పుండు రేగదు కదా" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఇక నాకు నీళ్ళు పోయబుద్ధి కాలేదు. ఇంకో బుంగమూతి తెంపుకుని, చెప్పులు వేసుకుని, వీధి మూలమీదున్న మొక్కలమ్మే ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఈ వాసన ఉండాలి, ఈ కారం ఉండకూడదు. అలాంటి మిరప ఉందా?" అని కాయ చేతిలో పెట్టాను.

ఆయన కోసి చూసి, తుమ్మి, కళ్ళు తుడుచుకున్నాడు. "నా దగ్గర లేదమ్మా. కావాలంటే మీరే పుట్టించుకోవాలి."

"మిరపని నేనెలా పుట్టిస్తాను నాయనా, నేనేమన్నా కోడినా పొదగడానికి?"

ఆయన నవ్వి, ఓపిగ్గా చెప్పాడు. కారమే లేని పొడుగు మిరప మొక్కలు రెండిచ్చాడు. వాటి మొగ్గ విచ్చుకోకముందే విప్పి, లోపలున్న పుప్పొడి తిత్తులు తీసెయ్యాలి. మధ్యలో పచ్చగా సూదిలా నిలబడి ఉండేదాని కొనకు బుంగమూతి పుప్పొడి అంటించాలి. ఆ మొగ్గ కాడకు గుర్తుగా దారం కట్టాలి. కాయ మాత్రం తల్లి లాగే చప్పగా కాస్తుంది, కలిసేది గింజలో. ఆ గింజ నాటితే వచ్చే మొక్క కారంగానే ఉంటుంది, ఎందుకంటే మిరపలో కారానిదే పెత్తనం. ఆ కారపు కాయ గింజలు మళ్ళీ నాటితే, వాటిలో కొన్ని చప్పటివి, కొన్ని వాసనవి, అదృష్టం బాగుంటే రెండూ కలిసినవి.

"అంటే ఇది మనవళ్ళ దాకా వెళ్ళే యవ్వారం" అన్నాను.

"అంతేనమ్మా. కొడుకు తాత పోలికలో పుట్టకపోయినా మనవడు పుడతాడు కదా."

ఆ మాటతో నాకు మొత్తం అర్థమైపోయింది. ఆ చప్పటి మిరపకు ఇంటికొచ్చే దారిలోనే సాధువని పేరు పెట్టేశాను.

నా చేతులా, వణుకుతాయి. మొగ్గ చూస్తే బియ్యపు గింజంత. అల్లుడిని పట్టుకున్నాను. అతను నోట్లో నాలుక లేని మనిషి. నేను చెప్పిందంతా విని, లోపలికి వెళ్ళి, గడియారాలు విప్పే సన్నటి పట్టకారు తెచ్చాడు. కంటికి పెట్టుకునే భూతద్దం కూడా తెచ్చాడు. కుండీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మొగ్గ రేకులు ఒక్కొక్కటే విప్పుతుంటే, ఎదురింటి బాల్కనీ ఆవిడ కేకేసింది.

"ఏమండీ, మీ అల్లుడు మొక్కలకి టైం సరిచేస్తున్నాడా?"

"ఈ సాధువు ఆలస్యంగా పూస్తోందమ్మా, ముల్లు తిప్పుతున్నాడు" అన్నాను. నవ్వుకి అల్లుడి చెయ్యి కదిలి ఆ మొగ్గ కాస్తా తెగి కిందపడింది. "అత్తయ్యా, మీరు లోపలికి వెళ్ళండి" అన్నాడు. ఆ రోజు మొత్తానికి అతను మాట్లాడింది అదే.

ఈ సంగతి వదినగారికి చెప్పకూడదని, అమ్మాయితో కలిపి ముగ్గురం అనుకున్నాం. ఏడాది పట్టే పని, కుదురుతుందో లేదో తెలియదు, ముందే ఆశపెట్టి తర్వాత లేదనడం ఎందుకని. ఎర్రదారాలు కట్టిన మొగ్గల్లో సగం రాలిపోయాయి. మిగిలినవి పిందెలయ్యాయి. నేను రోజూ వెళ్ళి వాటిని పలకరించి వచ్చేదాన్ని.

కాయలు నా వేలంత పొడుగయ్యాక, ఒకసారి నాకు జలుబు చేసి రెండు పూటలు మంచం దిగలేదు. మూడో పూట వదినగారు మంచం దగ్గరికి వచ్చి, చాలా రోజుల తర్వాత కాస్త హుషారుగా కనిపించారు.

"మీ మొక్కలకి నేనే నీళ్ళు పోశాను, లేవకండి. అడక్కుండా మీ బాల్కనీలోకి వెళ్ళానని ఏమీ అనుకోకండి. ఆ చెట్టు నిండా ఎవరో దారప్పోగులు వేలాడేశారు, చూడలేకపోయాను. అన్నీ శుభ్రంగా కత్తిరించేశాను."

మీరే చెప్పండి, ఎవరిని తప్పుపట్టాలి. వేలాడే దారప్పోగు కనబడితే ఆవిడ చెయ్యి దానంతటదే కత్తెర మీదికి వెళుతుంది. బస్సులో ముందు సీటు వాళ్ళ కాలరు దారం కూడా కత్తిరించి తిట్లు తిన్న మనిషి.  అప్పుడే లోపలికొచ్చిన అల్లుడు ఆ మాట విని, నిలబడ్డవాడు నిలబడ్డట్టే స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏంట్రా, అలా అయిపోయావు? దారాలేగా" అన్నారు వదినగారు.

"అవి గుర్తులమ్మా" అన్నాడు.

ఇక దాచడానికి ఏముంది. అంతా చెప్పాం. ఏ కాయలో కలిసిన గింజలున్నాయో, ఏ కాయ మామూలుదో ఇప్పుడు ఆ దేవుడికే తెలియాలని కూడా చెప్పాం. ఆవిడ వింటూ వింటూ చీర కొంగు వేలికి చుట్టుకున్నారు, విప్పారు, మళ్ళీ చుట్టుకున్నారు.

"నా నోటి కోసమా ఇదంతా?" అన్నారు.

"మరి నా నోటికోసం అనుకున్నారా? నాకు మీరు తింటుంటే చూడటమే చాలు" అన్నాను.

అంతలోనే ఆవిడకు కోపం వచ్చింది. "ముందే ఒక్క ముక్క చెప్పి ఏడిస్తే ఆ దారం జోలికి వెళ్ళేదాన్నా? ముగ్గురికి ముగ్గురూ మూగనోము పట్టినట్టు... ఒరేయ్, నీకు పుట్టుకతోనే మాటలు రావు, మీ అత్తగారికేమైంది? ఊరందరితో మాట్లాడుతుందిగా."

ఆ తిట్లు నాకు తేనె పోసినట్టున్నాయి. ఎన్నాళ్ళకు ఆవిడ గొంతు ఇంటి చివరిదాకా వినిపించింది.

ఏం చెయ్యాలో తేల్చింది మా అమ్మాయి. డ్యూటీ దిగి, యూనిఫాం మార్చకుండానే మొత్తం విని, "దీనికింత ఆలోచనేంటి? చెట్టు మీదున్న కాయలన్నీ పండనివ్వండి, కాయకో గింజ తీసి నాటండి. చప్పటి చెట్టు గింజ చప్పగానే వస్తుంది కదా. ఏ మొక్క కారంగా కాసిందో అదే కలిసింది. దారం లేకపోతే నాలుక లేదా?" అంది.

అలా మా ఇల్లు నారుమడి అయింది. టీ గ్లాసుల్లో, కోసిన నీళ్ళ సీసాల్లో, బిస్కెట్ల డబ్బాలో, పగిలిన మగ్గులో, ఎక్కడ చూసినా మిరప మొలకలే. స్నానానికి వెళితే కిటికీలో నాలుగు మొక్కలు మనల్నే చూస్తుండేవి. చోటు చాలక ఎదురింటావిడకిచ్చాం, కింద ఇస్త్రీ చేసే ఆయనకిచ్చాం. మా అమ్మాయి ఒకటి తీసుకెళ్ళి బస్సు డిపోలో టైంకీపరు కిటికీలో పెట్టింది.

కాయలొచ్చాక మొదలైంది అసలు తమాషా. భోజనానికి కూర్చుంటే అల్లుడో మొక్క కాయ, అమ్మాయో మొక్క కాయ, నేనో మొక్క కాయ కొరకడం. వదినగారు ఎదురుగా కూర్చుని మా ముఖాల్లోకి చూడటం. కొరికి, నమిలి, తల అడ్డంగా ఊపేవాళ్ళం. చప్పన. ఇదీ చప్పనే. కారం లేదని ఇంతమంది దిగులుపడిన ఇల్లు ఇంకోటి ఉండదు. ఇస్త్రీ ఆయన్ని అడిగితే "భలే కమ్మగా ఉన్నాయండీ, పిల్లలు కూడా తింటున్నారు" అని సంతోషంగా చెప్పాడు. నా ముఖం వాడిపోవడం చూసి పాపం కంగారుపడ్డాడు.

ఇంట్లో ఉన్న మొక్కలన్నీ అయిపోయాయి. వదినగారు మళ్ళీ కంచం ముందు మెతుకులు కెలుకుతూ కూర్చున్నారు. "పోనీలెండి వదినగారూ, నాకు అలవాటైపోయిందిలెండి" అన్నారు. ఆ 'లెండి' రెండుసార్లు వచ్చిందంటే అలవాటు కాలేదని నాకు తెలుసు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం తలుపు దబదబ బాదారు. తీస్తే మా అమ్మాయి, దాని వెనక డిపో టైంకీపరు, ఆయన చంకలో మిరప మొక్క. డిపోలో అందరూ ఆయన్ని నిదానం గారంటారు. బస్సు కదిలిపోతున్నా చెయ్యి ఊపుతూ నడిచివెళ్ళే మనిషి. అలాంటాయన పెదాలు ఎర్రగా వాచి, ముక్కు కారుతూ, మెట్లన్నీ పరుగున ఎక్కివచ్చాడు.

"చప్పటి మొక్క అని చెప్పి ఇచ్చారండీ మీ అమ్మాయి. మధ్యాహ్నం డబ్బా విప్పి ఒకటి కొరికాను. నా నాలుక ఇంకా నా దగ్గరికి తిరిగి రాలేదు."

"కారంగా ఉందా?" అన్నాను, తలుపు పట్టుకుని.

"కారమా? అది కారం కాదమ్మా, పగ. నేను మీకేం చేశాను?"

"వదినగారూ, రండి. దొరికింది" అని లోపలికి పిలిచాను.

ఆవిడ మిషను దగ్గర్నుంచి వచ్చారు. అల్లుడు ఆ రోజు కొట్టుకు సెలవు, అతనూ వచ్చాడు. నిదానం గారికి కుర్చీ వేశాం, పంచదార నోట్లో పోశాం, పాలు తాగించాం. అమ్మాయి గోడకానుకుని కడుపు పట్టుకుని నవ్వుతోంది.

"మనిషి నోరు కాలితే ఇంత సంబరపడే ఇల్లు నేనెక్కడా చూడలేదు" అన్నాడాయన.

వదినగారు మాత్రం నవ్వలేదు. ఆయన ఎదురుగా కూర్చుని, "బాబూ, ఒక్క మాట జాగ్రత్తగా గుర్తు తెచ్చుకుని చెప్పు. కొరకబోయే ముందు ఏమైనా వాసన వచ్చిందా?" అని అడిగారు.

"వచ్చిందండీ. మంచి పండు వాసన. అది చూసే కదా ఇంత పెద్ద ముక్క కొరికింది."

వదినగారు ఆ మొక్కను ఆయన చంకలోంచి తీసుకున్నారు, పసిపిల్లను తీసుకున్నట్టు. చూస్తే కాయ సాధువంత పొడుగూ లేదు, బుంగమూతి అంత పొట్టీ కాదు. ఒళ్ళు నున్నగా ఉండి, కొస దగ్గర మాత్రం చిన్న ముడత. తండ్రి పోలిక.

ఆ మొక్కకు రాజభోగాలు జరిగాయి. తేనెటీగ వచ్చి వేరే పుప్పొడి అంటిస్తే మళ్ళీ మొదటికొస్తుందని అల్లుడు అన్నాడో లేదో, వదినగారు మిషను ముందు కూర్చున్నారు. పల్చటి వలగుడ్డ తీసుకుని, మొగ్గకొకటి చొప్పున బుల్లిబుల్లి సంచులు కుట్టారు. మూతికి జారుముడి, కుట్టు కనబడకుండా లోపలి మడత. "పూలకి గౌన్లు కూడా కుడతారా అత్తయ్యగారూ" అని అమ్మాయి ఏడిపిస్తే, "కొలతలు తీసుకోవడమే కష్టమైంది, కదలకుండా నిలబడవు" అన్నారు.

ఆ కాయలు పండాయి. గింజలు తీశాం, మళ్ళీ నాటాం. ఈసారి ఎవరికీ ఇవ్వలేదు. నిదానం గారు మాత్రం తన నోరు కాలిన హక్కు మీద ఒక మొక్క అడిగి తీసుకెళ్ళి, రోజూ దాని క్షేమసమాచారం మా అమ్మాయి చేత పంపేవాడు.

కాపు మొదలయ్యాక వదినగారే పద్ధతి పెట్టారు. ఆవిడ తినకూడదు, కానీ ముక్కుకి డాక్టరు ఏమీ చెప్పలేదు కదా. ప్రతి మొక్క నుంచి తొలికాయ తెంపి, చీల్చి, వాసన చూసేవారు. గడ్డి వాసన వస్తే పక్కకు. పండు వాసన వస్తే మా చేతికి. ఒక పూట ఒక్క కాయే కొరకాలి. ఒకసారి కాలిన నాలుక ఆ పూటకి తర్వాతది ఏదీ సరిగ్గా చెప్పదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ రోజుల్లో మా ముగ్గురి నోళ్ళూ నోళ్ళలా లేవు. వాసన ఉన్నది ప్రతిదీ మంటే. అల్లుడు ఒకటి కొరికి, గబుక్కున లేచి, కుళాయి కింద తల పెట్టాడు. అమ్మాయి ఒకటి కొరికి, తన మొగుణ్ణి వెతుక్కుంటూ అదే కుళాయి దగ్గరికి వెళ్ళింది. నిదానం గారి మొక్క కూడా కాసింది, ఆయన రెండు రోజులు డ్యూటీకి రాలేదు. చప్పటివి ఉంటే గింటే పక్కన పెట్టిన గడ్డి వాసన వాటిలోనే ఉండాలి. చివరికి ఇంకా కాయనిది ఒక్కటే మిగిలింది. వంటింటి కిటికీలో, ఎండ తగలక ఒంటికాలి మీద నిలబడ్డట్టున్న బక్క మొక్క. అది కూడా పోతే మళ్ళీ మొదటినుంచి. వదినగారికి మళ్ళీ ఏడాది చెప్పే ధైర్యం నాకు లేదు. ఆవిడకు మళ్ళీ ఏడాది వినే ఓపిక ఉన్నట్టూ లేదు.

ఆ బక్కదానికి రెండే రెండు కాయలు కాసి, నెమ్మదిగా రంగు తిరిగాయి. ఆదివారం, అందరం ఇంట్లోనే ఉన్నాం. వంట అయింది. వదినగారు ఒక కాయ తెంపి, గోటితో చీల్చారు. వంటిల్లంతా ఆ పాత వాసన నిండిపోయింది, బుంగమూతి వాసనే. ఆవిడ ముఖంలో సంతోషం లేదు, ఎందుకంటే వాసన ఉన్నదంటే ఇన్నాళ్ళూ మంటే. కాయను నా చేతిలో పెట్టి, చెంబుతో నీళ్ళు నా పక్కన పెట్టారు.

కొరికాను. నమిలాను. మంట ఎప్పుడూ ఒక్క క్షణం ఆగి వస్తుంది, ఇంటికొచ్చే చుట్టం గుమ్మం దగ్గర చెప్పులు విప్పినట్టు. కాచుకు కూర్చున్నాను. రాలేదు. గింజలున్న చోట తెల్లటి ఈనె ఉంటుంది, కారమంతా దాక్కునేది అక్కడే. దాన్ని పళ్ళతో గీరి నాలుక మీద పెట్టుకున్నాను. పండు వాసన, కాస్త తీపి, అంతే. నా కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

"అయ్యయ్యో, ఇది అన్నిటికన్నా ఘోరంలా ఉంది. నీళ్ళు తాగండి వదినగారూ, ఒరేయ్, పంచదార తీసుకురా" అని ఆవిడ నా వీపు రాస్తున్నారు.

నేను తల అడ్డంగా ఊపి, మిగిలిన సగం కాయ ఆవిడ నోటి ముందు పెట్టాను.

"నన్ను చంపుదామనా?"

"తినండి."

నా కళ్ళలోకి చూశారు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో ఆవిడకు తెలియలేదు, నాకూ తెలియదు. అల్లుడు పంచదార డబ్బా పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాడు. ఆవిడ కొస మాత్రం కొరికి, కళ్ళు గట్టిగా మూసుకున్నారు. కాసేపటికి ఒక కన్ను తెరిచారు. తర్వాత రెండోది.

"కంచం పెట్టండి" అన్నారు.

గింజలన్నీ ముందు జాగ్రత్తగా పక్కకు తీసిపెట్టారు. ఆ తర్వాత కింద కూర్చుని, ముద్దకు చిటికెడు ముక్క చొప్పున నంజుకుంటూ, నిదానం గారు మెట్లెక్కి పరిగెత్తుకొచ్చిన తీరు అభినయించి చూపిస్తూ, కంచం ఖాళీ చేశారు. మేం ముగ్గురం తినడం మరిచిపోయి చూస్తున్నాం. రెండో కాయ కూడా తెప్పించుకున్నారు.

"ఇంకొంచెం అన్నం పెట్టండి వదినగారూ. ఏమిటలా చూస్తారు, లేదా?"

నిజంగానే లేదు. ఏడాదికి పైగా ఆవిడ వంతుకు గుప్పెడే వండటం నాకు అలవాటైపోయింది. గిన్నె చూస్తే అడుగు కనబడుతోంది, మిగిలిందంతా మా ముగ్గురి కంచాల్లో ముట్టకుండా ఉంది. లేచి, చెంబులో నా కోసం పెట్టిన నీళ్ళు అలాగే గిన్నెలో పోసి, మళ్ళీ ఎసరు పెట్టాను.